బెల్లం కాటా మీద మా పాప

మా పాప బరువు గురించి నేను ఆడిన అబద్ధం కచ్చితంగా ఒక కిలో వంద గ్రాములు. ఆడిన అబద్ధాన్ని ఇంత సరిగ్గా తూచి చెప్పగలిగినవాళ్లు మీకు ఇంకొకరు దొరకరు. దాన్ని ఏడు వారాలు పెంచి పోషించాను. అది బాగా ఒళ్లు చేసింది, పాపే చెయ్యలేదు. చివరికి ఆళ్లగడ్డలో నలభై మంది తల్లుల ముందు నా పరువు నడిబజార్లో పడింది. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, ముందు ముందు నవ్వడానికి కుదరని చోట్లు కొన్ని ఉన్నాయి.

నేను ఆళ్లగడ్డలో అంగన్‌వాడీ టీచర్ని. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు జరుపుతాం. ఆ వారమంతా నేను మనిషిని కాను, మైకుని. ముర్రుపాల మహిమ దగ్గర మొదలుపెట్టి, ఆరు నెలల దాకా చుక్క నీళ్లు కూడా వద్దని గంటసేపు వాయించేదాన్ని. అప్పటికి నాకు పిల్లల్లేరు. ఈత రానివాడు గట్టున కూర్చుని ఈత నేర్పితే ఎంత ధైర్యంగా ఉంటాడో, నేనూ అంత ధైర్యంగా ఉండేదాన్ని.

మూడేళ్ల కిందట అలాంటి ఒక మీటింగు అయిపోయాక, జాకెట్లు కుట్టే షమీమ్ నా దగ్గరకు వచ్చింది. ఒళ్లో నెలన్నర పిల్లాడు.

"టీచరమ్మా, పాలు చాల్తా లేవు. పిల్లోడు ఊరికే ఏడుస్తాండాడు. పట్టినప్పుడల్లా నాకు ప్రాణం పోతాండాది."

"పాలు చాలకపోవడమనేదే ఉండదమ్మా. అది సాకు. ఓపికుండాల."

"ఓపిక ఉండాది టీచరమ్మా. ఎట్ల పట్టాల్నో చూపిస్తారేమోనని వచ్చినా."

"గోడ మీద చార్టు ఉండాది గదా, చూసుకో."

షమీమ్ చార్టు వైపు చూసింది. ఆ బొమ్మలో తల్లి నవ్వుతుంటుంది, బిడ్డ కూడా నవ్వుతుంటాడు. ఆమె పిల్లాణ్ని భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను మిగిలిన బిస్కెట్లు లెక్కపెట్టుకున్నాను.

తర్వాత నా వంతు వచ్చింది. నెలలు నిండుతుండగా మా అత్త ఎస్తేరమ్మ, "నీకు అమ్మ ల్యాకపాయ, కాన్పు ఈడ్నే కానీ ప్రసన్నా, నేను చూసుకుంటా," అంది. నేను వినలేదు. "తొలి కాన్పు పుట్టింట్లోనే గదత్తా. నాకు తెలీనిదేముండాది, ఊరందరికీ చెప్పేదే నేను," అన్నాను. అసలు సంగతి వేరు. మా అమ్మ పోయి పన్నెండేళ్లయినా ఆమె మంచం మా ఇంట్లో అలాగే ఉంది. బాలింతగా ఆ మంచం మీదే పడుకోవాలని నా కోరిక. అది ఎవరికి చెప్పినా ఏడుపు వస్తుందని చెప్పలేదు.

మా పుట్టిల్లు నంద్యాల బస్టాండు వెనక సందులో. ముందు మా నాయన కిరాణా కొట్టు, వెనక ఇల్లు. నాయనకు నలభై ఏళ్ల వ్యాపారం. ఎలక్ట్రానిక్ కాటా ఉన్నా, బెల్లం చేత్తో విరిచాడంటే కాటా ఎక్కించాల్సిన పనే లేదని ఆ వీధంతా అంటుంది. ఆ ఇంట్లో ఇక నాయనా, నేనూ, రెండు కిలోల ఏడు వందల గ్రాములతో పుట్టిన మా పాప కృపా.

మూడో రోజు నుంచి నా పని అయిపోయింది. పాప నోరు పెడితే తేలు కుట్టినట్టు ఉండేది. చనుమొనలు పగిలి నెత్తురు వచ్చేది. ఏడుపు బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని పాలిచ్చేదాన్ని. పాప రెండు నిమిషాలు లాగి, అలసిపోయి నిద్రపోయి, పది నిమిషాలకే లేచి మళ్లీ ఏడ్చేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా పాప రోజుకు ఇరవై సార్లు అడిగేది, అమ్మకే పెట్టడం చేతకాలేదు.

మా నాయన బాధ ఇంకో రకం. కూతురి దగ్గర పాలు అనే మాట ఎత్తలేడు. అందుకని మాటకు బదులు సరుకు పంపేవాడు. పొద్దున లేచేసరికి గడప దగ్గర వెల్లుల్లి పాయలు, మధ్యాహ్నానికి మెంతులు, సాయంత్రానికి పచ్చి బొప్పాయి. ఏ సరుకు ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం వెల్లుల్లి ధర గురించి మాట్లాడుకునేవాళ్లం. రెండు వారాలకు నేనూ, నా చీరా, ఆ మంచమూ వెల్లుల్లి కారం వాసన కొట్టసాగాం. పాలు మాత్రం పెరిగినట్టు కనపడలేదు.

ఒకరోజు ఆయన గోడ వైపు తిరిగి, గోడతోనే అన్నాడు.

"పాలపిండి డబ్బాలు కూడా అమ్ముతాండారంట ఇప్పుడు."

"ఏం మాట్లాడ్తాండావ్ నాయనా. నేను టీచర్ని. డబ్బా పాలు వద్దని ఊరూరా చెప్పేదాన్ని."

"ఊరికే అన్నాలేమ్మా," అని గోడకే చెప్పి వెళ్లిపోయాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత ఎవరి గురించి పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. అయినా డబ్బా తెప్పించలేదు. దాని కన్నా సులువైన పని ఒకటి దొరికింది నాకు.

మా ఆయన దావీదు బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తోలే లారీ డ్రైవరు. రోజూ లారీని కాటా ఎక్కించే మనిషి కాబట్టి నోటి లెక్క నమ్మడు. మూడో వారంలో ఫోన్ చేశాడు.

"పాప బరువెంత? మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పాలంటాండాది. కాటా ఫోటో పెట్టు."

నాయన భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు పాపను కొట్లో కాటా మీద పడుకోబెట్టాను. రెండు కిలోల ఆరు వందలు. పుట్టినప్పటికన్నా తక్కువ. కొట్లోనే బియ్యం మూట మీద కూర్చుండిపోయాను. ఆ నిమిషంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు, ఉన్నా మీరు చదివేంత ఘోరంగా ఉండేది కాదు. నేనేం చేశానంటే, మా అత్త పెట్టిన వెండి మొలతాడు, కడియాలు, గజ్జెలు తెచ్చి పాపకు తొడిగాను. స్వెటరు వేసి, టోపీ పెట్టి, మళ్లీ పడుకోబెట్టాను. మూడు కిలోలు చూపించింది. అంకెలు మాత్రమే కనపడేలా ఫోటో తీసి పంపాను.

"శానా బాగుండాది," అని దావీదు రాశాడు.

వారం వారం అదే పని. పాప ఉండాల్సినంత పెరగడం లేదు గనక పెంచే పని నేను చేతుల్లోకి తీసుకున్నాను. మొదట వెండి, తర్వాత తడి లంగోటా, ఆ తర్వాత మా అమ్మ కుట్టిన బొంత. పదో వారానికి పాప మూడున్నర దగ్గర ఉంటే ఫోటోలో నాలుగు ఆరు వందలు పలికింది. బొంతా, స్వెటరూ, వెండీ కలిపి వెయ్యి గ్రాములు, మిగిలిన వంద నా చిటికెన వేలు. ఆ కాటాకు పళ్లెం బరువు తీసేసే బటన్ ఒకటి ఉంటుంది. దాని జోలికి నేను పోలేదు.

ఒకసారి నాయన చేతులు తుడుచుకుంటూ కొట్లోకి వచ్చి చూశాడు.

"ఏందమ్మా, కాటా మీద పాపా?"

"ఊరికే నాయనా. ఆడిస్తాండా."

ఆయన పాపను అందుకుని, రెండు చేతుల్లో కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా నా ఒళ్లో పెట్టాడు. రోజూ పొద్దున కొట్టు తెరిచే ముందు కూడా అలాగే పట్టుకునేవాడు. ప్రార్థన చేస్తున్నాడనుకునేదాన్ని. మరునాడు గడప దగ్గర రెండు కిలోల వెల్లుల్లి కనిపించింది.

మూడో నెలలో ఆళ్లగడ్డకు, అత్తగారింటికి పోవాలి. సరిగ్గా అప్పుడే ఆగస్టు వచ్చింది. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి, "సెలవులో ఉన్నా పర్లేదు, పాపతో వచ్చి మాట్లాడు ప్రసన్నా. తల్లిపాలతోనే అంత బాగా పెరిగిందంట గదా, మీ అత్త చెప్పింది. అందరి ముందు తూద్దాం," అన్నారు. జ్వరమని చెప్దామనుకున్నాను. కానీ మూడేళ్లు మైకు పట్టుకున్న చెయ్యి మైకు అనగానే సరేనంటుంది.

ఆళ్లగడ్డ అంగన్‌వాడీ సెంటరులో ఆ రోజు నలభై మంది తల్లులు. ఆగస్టు ఉక్కలో మా పాప స్వెటరూ, టోపీ, బొంతా, ఒంటి నిండా వెండితో ఊరేగింపుకు తయారైనట్టు ఉంది. ముందు వరసలో మా అత్త, ఆమె చర్చి స్నేహితురాళ్లు. తలుపు దగ్గర దావీదు. నేను ముర్రుపాల నుంచి మొదలుపెట్టి గబగబా ముగించి, పాపను అలాగే తూకం మిషన్ మీద పెట్టబోయాను.

"బట్టలు తీయకుంటే ఎట్ల టీచరమ్మా?"

అడిగింది షమీమ్. పక్కన మూడేళ్ల కొడుకు, ఒళ్లో ఆరు నెలల ఆడపిల్ల.

"పాపకు జలుబు," అన్నాను.

"మా పిల్లోనికి జలుబున్నా తీయించినారు గదా మీరు. మొలతాడు కూడా తీయాల, లేకుంటే లెక్క తప్పు అంటిరి."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. పాఠం అప్పజెప్పినట్టు నా మాటే నాకు చెప్పింది. అందరూ నా వైపు చూస్తున్నారు. బొంత తీశాను. స్వెటరు తీశాను. కడియాలు, గజ్జెలు, మొలతాడు, ఒక్కొక్కటి తీస్తుంటే పాప అరటిపండు ఒలిచినట్టు చిన్నదైపోయింది. తొడల మీద చర్మం ముడతలు పడి ఉంది. నాలుగు గోడల మధ్య నేను రోజూ చూసిన ముడతలే అవి. నలుగురిలో చూసేసరికి నాకు నిజంగా కనపడ్డాయి.

మూడు కిలోల ఐదు వందలు.

దావీదు ముందుకు వచ్చి అంకె చూశాడు, ఫోన్ తీసి ఫోటో చూశాడు, మళ్లీ అంకె చూశాడు.

"ఇన్ని దినాలు ఖాళీ బండి బరువు తీయకుండానే తూసినావా?"

నేను తల ఊపాను. మా అత్త లేచి వచ్చి పాపను చీర కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది. "నాకు నాలుగు ఆర్నూర్లు ఏంటికి ప్రసన్నా? నాకు పాప గదా కావాల్సింది," అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నలభై మంది ముందు, మైకు ఇంకా చేతిలో ఉండగానే, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు మైకులో వీధి చివరి దాకా వినపడిందట.

షమీమ్ తన కూతుర్ని పక్కావిడకు ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని లోపలి వంటగదిలోకి తీసుకుపోయింది.

"నొప్పా?"

"ప్రాణం పోతాండాది షమీమ్."

"నువ్వు పాప మీదికి వంగుతాండావ్. వంగాకు. గోడకానుకో. పాపను నీ దగ్గరికి తెచ్చుకో. నోరు బాగా తెరిచేదాకా ఆగు. మొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లగుండేది కూడా నోట్లోకి పోవాల."

రెండుసార్లు తప్పింది. మూడోసారి పాప దవడ కదిలింది, గుటక చప్పుడు వినపడింది. నొప్పి ఉంది కానీ తేలు కాదు, చీమ. పది వారాల్లో ఆ గుటక చప్పుడు వినడం అదే మొదలు.

"నీకెవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలే. పెద్దోనికి రెండు నెల్లకే పాలు ఆగిపాయ. శానా దినాలు ఏడిస్తి. పాప పుట్టినాక నాకు నేనే నేర్చుకుంటి." పాప దవడ వైపే చూస్తూ అంది, "ఆ పొద్దు మీరు చూపిస్తారని వచ్చినా. సాకంటిరి."

క్షమించమని అడిగాను. ఆమె క్షమించానని అనలేదు. పాప తల కింద నా మోచెయ్యి కొంచెం పైకి జరిపి, "ఇట్ల పెట్టు," అంది, అంతే.

బయటికి రాగానే దావీదు, "లోడెక్కినాక ఇంకోసారి తూయాల గదా," అన్నాడు. తూశాం. ముప్పై ఐదు గ్రాములు ఎక్కువ. చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. మా అత్త స్తోత్రం అంది. చర్చి స్నేహితురాళ్లు కూడా స్తోత్రం అన్నారు. లారీ డ్రైవరు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం పాపను డాక్టరమ్మకు చూపించాం. నేను షమీమ్‌ను అన్నదాంట్లో సగం కూడా ఆమె నన్ను అనలేదు. నా పాలు ఇస్తూనే, బరువు కోలుకునేదాకా పైన పాలపిండి కలిపి గిన్నెతో తాపమన్నారు. డబ్బా కొనడానికి నేనే వెళ్లాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

మూడు వారాలకు మా నాయన ఆళ్లగడ్డ వచ్చాడు. సంచిలో వెల్లుల్లి లేదు. పాపను రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"నాలుగూ నూట యాభై," అన్నాడు.

దావీదు సెంటరుకు తీసుకుపోయి బట్టలన్నీ తీసి తూయించుకొచ్చాడు. నాలుగు కిలోల నూట నలభై.

"ఆ మిషను పది గ్రాములు తప్పు చూపిస్తాండాదిలే," అన్నాడు నాయన.

అప్పుడు వెలిగింది నాకు. ఆ ప్రార్థనలన్నీ ప్రార్థనలు కావు.

"నీకు తెలుసా నాయనా, నంద్యాలలోనే?"

"నలభై ఏండ్లుగా తూస్తాండా. చేతికెత్తుకుంటే తెలీదా?"

"మరి చెప్పకపోతివే."

ఆయన గోడ వైపు తిరిగాడు. "ఎట్ల చెప్పేదమ్మా. ఆ మాట మీ అమ్మ చెప్పాల్సింది."

ఏడు వారాలు ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే సంగతి తెలిసి ఉన్నాం. మధ్యలో వెల్లుల్లి ధర మాట్లాడుకున్నాం. పాప ఆకలితో ఏడ్చింది.

కాబట్టి, దీన్ని చదువుతున్న మీ అందరి సాక్షిగా, బైబిలు మీద కుడి చెయ్యీ పాలపిండి డబ్బా మీద ఎడమ చెయ్యీ పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పసిబిడ్డను బొంతతో కాటా ఎక్కించను. ఏ తల్లి నొప్పినీ సాకు అనను, చార్టు వైపు వేలు చూపించను, వంటగదిలోకి తీసుకుపోయి గోడకు ఆనించి కూర్చోబెడతాను. ఇక కాటా సంగతి అంటారా, దాన్ని బెల్లానికే వదిలేశాం. మా పాపను తూయడానికి నెలకోసారి నంద్యాల నుంచి మా నాయన బస్సెక్కి వస్తున్నాడు, బరువు చెప్పేటప్పుడు గోడ వైపు కాకుండా నా మొహం చూసి చెప్పాలని ఆయన చేత కూడా ఒట్టు వేయించుకున్నాను.