ఇంగ్లీషులో మా బాపు డాక్టరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనుతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. అవతల మనిషెవరూ లేరు. ఇంగ్లీషు నేర్పే యాప్ అట, బళ్ళో వేసుకోమన్నారట. అందులోంచి ఒక ఆడగొంతు తేనె పూసినట్టు నీ పేరేమిటి, ఎక్కడుంటావు, ఇంట్లో ఎవరెవరుంటారు అని అడుగుతోంది. ఇదేమో పొల్లుపోకుండా అన్నీ చెబుతోంది. వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న నేను ఆ చేతులతోనే వచ్చి, "చెప్పకే" అన్నాను. నా కూతురు నన్ను ఎగాదిగా చూసి, అది మెషీన్ అమ్మా అంది. మెషీనని నాకు తెలియదా? మలక్‌పేటలో ఒక ఆస్పత్రి బిల్లుల కౌంటర్లో కూర్చుని రోజంతా మెషీన్లతోనే కదా నా బతుకు. కానీ ఆ మాట నాది కాదు, మా అత్తది. ఆమె పోయి చాలా ఏళ్ళయినా అప్పుడప్పుడు నా నోట్లోంచి ఇలా బయటికొస్తూ ఉంటుంది.

అత్త అంటే మా బాపుకు, అంటే నాన్నకు, సొంత అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే తమ్ముడి పంచన చేరి, ఆ తమ్ముడి ఇంటినే చేతిలోకి తీసుకున్న మనిషి. లాల్‌దర్వాజాలో అమ్మవారి గుడి వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. గుమ్మం ముందు బాపు ఇస్త్రీ బండి. లోపల అమ్మ గాజులకు రాళ్ళు అతికించేది. అత్త తెల్లారకముందే మాదన్నపేట మార్కెట్‌కు పోయి ఆకుకూరలు తెచ్చి ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కట్ట విప్పి మధ్యలో గడ్డి పెట్టారో లేదో చూడకుండా కొనేది కాదు. పాలవాడు పోసిన పాలు గోటి మీద వేసుకుని జారుతున్నాయో నిలుస్తున్నాయో చూసేది. పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన నర్సమ్మను, ముందు నీ పిల్లలకు వేసినవా అని నిలదీసింది. గుళ్ళో ప్రసాదం పెట్టినా సరే, పెట్టిన మనిషి మొహం ఒకసారి చూశాకే చెయ్యి చాపేది. ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఎవరినైనా నమ్మడం అంటే అదో పెద్ద పని. మేమెవరమూ ఆ పనికి పూనుకోలేదు.

మా అక్కను ఏడో తరగతితో బడి మాన్పించి గాజుల పనిలో కూర్చోబెట్టారు. నా వంతు కూడా వచ్చేదే. నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా సర్కారు ఆడపిల్లల బడికి కంప్యూటర్లు వచ్చాయి. ఎవరో దాతలు కలిసి పెట్టారు. వాటితో తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతారట. మా పెద్ద టీచరమ్మ బాపును పిలిపించి, ఇది నేర్చుకుంటే పది పాసవగానే మీ పిల్లకు ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందని చెప్పింది. బాపు ఇంటికొచ్చి తన అక్క మొహం చూశాడు. అత్త చాలాసేపు ఆలోచించి, "గా కంప్యూటర్ ఉన్నన్ని దినాలు పోనీ. అది పోయిననాడు ఇంట్ల కూసోని గాజులు చెయ్యాలె" అంది. కాబట్టి నా చదువు ఆ కంప్యూటర్లతో ముడిపడి ఉంది. అవి పోతే నేనూ పోతాను. ఈ సంగతి బళ్ళో ఎవరికీ తెలియదు, నాకు తప్ప.

కంప్యూటర్ల గది మా బళ్ళో దేవుడి గది కంటే ఎక్కువ. చెప్పులు బయట విప్పాలి. దసరాకు ఒక్కో టీవీ మొహానికి పసుపు పూసి బొట్టు పెట్టారు, తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. కరెంటు పోతే బ్యాటరీ పెట్టెలు కీచుమని ఒకటే గోల. నేర్పడానికి ఒక టీచరమ్మ వచ్చేది. విజయవాడ వైపు అమ్మాయి, మాటకు ముందో అండీ వెనకో అండీ. వారంలో సగం రోజులు మా దగ్గర, సగం హుస్సేనీ ఆలంలో ఇంకో బళ్ళో. ఇంతమంది పిల్లల పేర్లు ఆమెకెక్కడ గుర్తుంటాయి, అందరినీ అమ్మాయీ అనే పిలిచేది. చెవులకు ఇద్దరి ముగ్గురి తలనూనె వాసన కొట్టే డిప్పలు తగిలించుకుంటే, లోపల ఒక ఇంగ్లీషు దొర మాట్లాడేవాడు. మనం మూతి దగ్గరున్న పుల్లలోకి జవాబు చెబితే మెషీన్ మన గొంతు దాచుకునేది. తర్వాత ఆ గొంతులన్నీ దాతల దగ్గరికి పోతాయట. ఎవరెంత బాగా నేర్చుకున్నారో వాళ్ళు విని చూస్తారు, బాగా చెప్పిన పిల్లలకు ఎండాకాలంలో ఆబిడ్స్‌లో పెద్ద క్లాసు పెట్టిస్తారు.

మొదటి పాఠం అయిన రోజు రాత్రి అన్నాల దగ్గర నేను గొప్పగా అంతా చెప్పాను. దొర ఏమడిగాడో, నేనేం చెప్పాలో తెలుగులో విడమర్చి మరీ చెప్పాను. అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరాయి మగవాడు, మొహం చూపించడు. ఆడపిల్ల చెవిలో, పక్కనున్న మనిషికి కూడా వినపడకుండా, నీ పేరేంది, ఇల్లు యాడ, ఇంట్ల ఎవరుంటరు, మీ నాయిన ఏం పని చేస్తడు అని అడుగుతున్నాడు. పైగా చెప్పింది దాచుకుంటున్నాడు! గల్లీలో ఎవడైనా ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి ఉంటే అత్త వాడి వీపు చెప్పుతో వాయించేది. ఇప్పుడనిపిస్తుంది, ఆమె అనుమానంలో ఆవగింజంత అబద్ధం లేదు. కాకపోతే అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బడి అయిపోయిందనుకున్నాను.

మర్నాడు అత్త అమ్మకం ముగించుకుని ఖాళీ గంప నెత్తిన పెట్టుకునే బడికి వచ్చేసింది. విజయవాడ టీచరమ్మ భయపడి డిప్పలు ఆమె చెవులకే తగిలించింది. అత్త కళ్ళు మూసుకుని, దొర చెప్పిందంతా ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆఖరు దాకా వింది. వినేసి డిప్పలు తీసి, "గొంతైతే మంచిగనే ఉన్నది. గని మంచి గొంతు ఉన్నోన్నే నమ్మొద్దు" అని తీర్పు చెప్పింది. మాన్పిస్తానని మాత్రం అనలేదు. పిల్లలందరినీ దగ్గరికి పిలిచి, వానికి జవాబు చెప్పుండ్రి, కానీ అసలు పేరు చెప్పొద్దు, అసలు ఇల్లు చెప్పొద్దు అంది. టీచరమ్మ బతికి బయటపడ్డాననుకుని, పేరేదైతేనేమండీ, నోరు తిరగడమే కదా ముఖ్యం అంటూ ఒప్పేసుకుంది. ఆ రోజు నుంచీ అత్త మధ్యాహ్నం పూట ఆ గది గడప మీదే కూర్చుని మిగిలిన చుక్కకూర ఏరుకునేది. మిగతా ఆడపిల్లల తల్లులు కూడా, ఆమె ఉన్నది కదా అని నిశ్చింతగా పంపేవాళ్ళు.

ఇక చూసుకోండి మా వైభోగం. అబద్ధం ఆడమని పెద్దవాళ్ళే చెబితే ఏ పిల్ల తక్కువ ఆడుతుంది? నా పక్కన కూర్చునే పిల్ల పింకీ అయింది. నేను మోనికానయ్యాను. మాకందరికీ తెలిసిన పెద్దవాళ్ళ పేట ఒక్కటే, అందుకని గది మొత్తం బంజారాహిల్స్‌లో కాపురం పెట్టాం. ఇంగ్లీషులో మా బాపు డాక్టరు. అమ్మ టీచరు. నాకు సొంత గది, ఒక తెల్ల కుక్కపిల్ల. రోజూ ఆ ముక్కలే చెప్పీ చెప్పీ నోరు ఎంత తిరిగిందంటే, తడబాటన్నది లేకుండా గడగడా అప్పజెప్పేదాన్ని. ఇంటికొచ్చి బండి మీద బొగ్గులు విసురుతున్న బాపును చూస్తే ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి సిగ్గేసేది.

చలికాలం పోయేసరికి టీచరమ్మకు బేగంపేట వైపు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే దాతల తరఫున ఒక మేడమ్ వచ్చింది. నేత చీర, పొట్టి జుట్టు, మొహంలో ఎక్కడా నవ్వు లేదు. మమ్మల్నందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి, మా గొంతులున్న డబ్బాను స్పీకర్లకు తగిలించింది. ముందు పింకీ గొంతు వచ్చింది. తర్వాత నాది. నా పేరు మోనికా, మా ఇల్లు బంజారాహిల్స్, మా నాన్న డాక్టరు అని బడంతా వినేలా నా గొంతు చెబుతోంది. బయటినుంచి వింటే అది నా గొంతులాగే లేదు, నిజంగా ఎవరో డాక్టరు కూతురిలా ఉంది. మేడమ్ ఆపేసి, అన్నిట్లోకీ బాగా చెప్పిన పిల్ల ఇదే, మోనికా ఎవరు అని అడిగింది. ఎవరూ లేవలేదు. పింకీ ఎవరు అంది. ఎవరూ లేవలేదు. పెద్ద టీచరమ్మ హాజరు పట్టీ తిరగేసింది. అందులో మోనికా లేదు, పింకీ లేదు, బంజారాహిల్స్ అసలే లేదు.

మేడమ్ గొంతు పెంచకుండానే అన్నది నాకిప్పటికీ గుర్తుంది. "ఏదో కాన్వెంటు పిల్లల చేత మాట్లాడించి మాకు పంపారు, అంతేనా? మీ పిల్లల్ని ఆ గదిలో అడుగైనా పెట్టనిచ్చారా? ఈ కంప్యూటర్లు రేపే తీయించేస్తాను." పెద్ద టీచరమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. పాపం ఆమెకేమీ తెలియదు, ఆమెకూ మా మీద అనుమానమే వచ్చింది. కంప్యూటర్లు పోతే నా బడీ పోయినట్టే. లేచి నేనేనని చెప్పాలి. చెబితే అసలు పేరు, అసలు ఇల్లు చెప్పాలి. గడప మీద అత్త ఉంది. ఆమె వద్దన్న పని చేసి ఆ ఇంట్లో బతికినవాళ్ళు లేరు. ఆమె వైపు చూశాను. చుక్కకూర పక్కన పెట్టి చీర దులుపుకుని లేస్తోంది.

వచ్చి మేడమ్ ఎదురుగా నిలబడింది. "ఆగు బిడ్డా. నీ పేరేంది?" అంది. మేడమ్ బిత్తరపోయి పేరు చెప్పింది. ఇల్లు ఎక్కడని అడిగింది. హబ్సిగూడ అని చెప్పింది. ఇంట్ల ఎవరుంటరు అంది. అమ్మ, నేను, మా పాప అంది మేడమ్. మీ ఆయన ఏం చేస్తడు అంటే ఆమె, మాతో లేడండీ అంది. ఇన్నాళ్ళూ దొర మమ్మల్ని అడిగిన నాలుగు ప్రశ్నలూ అవే, వరస కూడా తప్పలేదు. మేడమ్‌కు ఆ సంగతి తట్టిందో లేదో నాకు తెలియదు. అత్త మాత్రం ఆమె మొహం లోపలిదాకా చూసి, నావైపు చెయ్యి చూపించింది.

"గా డబ్బల మాట్లాడింది నా మేనకోడలు. మా ఇల్లు గుడి ఎనక గల్లీల, ఇస్త్రీ బండి ఉన్న ఇల్లు. దాని నాయిన డాక్టరు గాదు, బట్టలిస్త్రీ చేస్తడు. అబద్ధం చెప్పుమన్నది నేనే. మొకం చూపియ్యనోనికి ఆడివిల్ల ఇల్లు ఎట్ల చెప్పుమంటవ్?" అని, నా పేరు ఇంటి పేరుతో సహా చెప్పింది. నేను ఆమెకు ఎప్పుడూ పోరినే. నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు.

మేడమ్ నన్ను లేపి, ముందు మోనికా మాటలు చెప్పమంది. గడగడా చెప్పాను. స్పీకర్లో వచ్చింది ఈ గొంతేనని అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు నీవి చెప్పు అంది. అప్పుడు నాలుక మొరాయించింది. నా పేరుతో, మా గల్లీతో ఒక్క వాక్యం కూడా ఇంగ్లీషులో ఎప్పుడూ అనలేదు నేను. నత్తి నత్తిగా పేరు చెప్పాను, లాల్‌దర్వాజా అన్నాను. బాపు పనిని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, బట్టలు వేడి చేస్తాడని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడమ్ నన్ను ఆపి సరిదిద్దనూ లేదు. అయిపోయాక, బాగుంది అని మాత్రం అంది. అత్త వెంటనే, నిజంగ బాగున్నదా, ఊకెనే అంటున్నవా అని నిలదీసింది. తప్పులున్నాయి, అయినా బాగుంది, కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయి అంది మేడమ్. తప్పులున్నయన్న మాటకే అత్త ఆమెను నమ్మింది.

పోతూ పోతూ మేడమ్ వెనక్కి తిరిగి, నా పేరడిగారు, మీ పేరు చెప్పలేదేమండీ అంది. అత్తను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బాపుకు ఆమె అక్క, అమ్మకు వదిన, మాకు అత్త, గల్లీకి కూరగాయలామె. చాలాసేపు ఎక్కడో వెతుక్కుంటున్నట్టు నిలబడి, మెల్లగా, ఎవరి పేరో చెబుతున్నట్టు, తన పేరు చెప్పింది. ఎంత అందమైన పేరు! ఇక్కడ రాయను. రాయమని ఆమె నాతో ఎన్నడూ అనలేదు.

ఆ ఎండాకాలం ఆబిడ్స్ క్లాసుకు వెళ్ళాను, ఏడాది తిరిగాక పది రాశాను. ఇల్లు చెప్పేసినందుకు అత్త మాత్రం చాలా రోజులు గుమ్మంలో కూర్చుని, గల్లీలోకి వచ్చే ప్రతి కొత్త మొహాన్నీ అనుమానంగా చూసింది. ఎవరూ రాలేదు. పుట్టినప్పటి నుంచీ ఆమె పక్కలోనే పడుకున్నదాన్ని, పద్నాలుగేళ్ళకు గానీ ఆమె పేరు వినలేదు. ఆ పేరుతో ఆమెను పిలవగలిగిన వాళ్ళందరూ అప్పటికే ఒక్కొక్కరూ పోయారని అర్థం కావడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.