స్కాట్లండ్ దొరకు ఊ కొట్టిన రోజు

ముప్పైమంది పనిచేసే ఆఫీసును ఇరవై నిమిషాల్లో, ఒకే ఒక్క ఇంగ్లిషు మాటతో ముంచబోయిన ఘనుణ్ని మీరెక్కడా చూసి ఉండరు. వాణ్ని నేనే. ఆ మాట ఓకే.

పొద్దుటూరు దగ్గర పల్లె నుంచి వచ్చి బోరబండలో గది కిరాయికి తీసుకున్న కొత్తలో, నేను ధైర్యంగా పలకగలిగిన ఇంగ్లిషు అదొక్కటే. మెస్సులో సాంబారు చాలనడానికి ఓకే, ఇంకాస్త పొయ్యమనడానికీ ఓకే. జ్వరం తగ్గిందనడానికి ఓకే. సినిమా బాగాలేదు గానీ టికెట్టు డబ్బులు వెనక్కి అడిగేంత చెడ్డదీ కాదనడానికి ఓకే. ఫోను పెట్టేయడానికైతే రెండుసార్లు ఓకే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, నోరు ఓకే అయితే హైటెక్ సిటీ అంతా ఓకే అనుకున్నాను.

అది రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా వణుకుతున్న కాలం. రాళ్లగుట్టల మధ్య కొత్తగా లేచిన మా ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడమే పని. ఇది జరిగిన వారం శుక్రవారంతో నా ఆరు నెలల ప్రొబేషన్ ముగుస్తుంది. పర్మినెంటు కాగితం వస్తే ఉద్యోగం, రాకపోతే పొద్దుటూరు బస్సు.

సోమవారం మధ్యాహ్నం మా టీం లీడర్ సుజాత మేడం పన్ను పీకించుకోవడానికి దవాఖానకు బయల్దేరారు. లింగంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. స్కాట్లండ్ క్లయింటు ఫోను చేస్తాడనీ, ఆయన చెప్పింది విని రాసుకుంటే చాలనీ, దేనికీ మాటివ్వొద్దనీ రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ ఓకే అన్నాను.

ఫోను రానే వచ్చింది. ఆయన మాట్లాడింది ఇంగ్లిషేనని ఇప్పటికీ నాకు పూర్తి నమ్మకం లేదు. బండ మీద గులకరాళ్లు దొర్లినట్టు ఒకటే గరగర. కలం పట్టుకుని కూర్చున్నానే గానీ కాగితం మీద "హలో" తప్ప ఏమీ పడలేదు. మళ్లీ చెప్పమని అడగొచ్చు కదా అంటారా? అడిగితే ఇంగ్లిషు రాదని తెలిసిపోదూ? ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ పరువు పోకూడదనుకునే వయసు.

పైగా చిన్నప్పుడు మా జేజి, అదే మా నాయనమ్మ, కథ చెబుతుంటే ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆపేసి, నిద్రపోయావా అని తొడపాశం పెట్టేది. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది. ఆయన ఆగిన చోటల్లా నేను ఊ కొట్టాను, ఇంగ్లిషులో. ఓకే. ఓకే ఓకే. ఆయన గొంతులో సంతోషం పెరుగుతుంటే, నా ఇంగ్లిషు మెరుగుపడుతోందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన ఈమెయిలు వచ్చింది. "నిన్న మీ ఇంజినీరు అంగీకరించిన ప్రకారం" అని మొదలై తొమ్మిది అంశాలు. ఆరు వారాల పని రెండు వారాల్లో ముగిస్తాం. ఆదివారాలు కూడా వస్తాం. పోయిన నెల జరిగిన పొరపాటు పూర్తిగా మాదే. తొమ్మిదోదాన్ని రెండుసార్లు చదివాను: జనవరి మంచులో మూడు నెలలు అక్కడ పనిచేయడానికి ఆ ఇంజినీరు సంతోషంగా ఒప్పుకున్నాడట. నాకు పాస్‌పోర్టే కాదు, స్వెట్టరు కూడా లేదు.

మేడం ఉబ్బిన దవడతో, ప్రింటు తీసిన ఆ కాగితాన్ని చివరిదాకా చదివారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"ఇవన్నిటికి ఎట్ల ఒప్పుకున్నవ్?"

"ఒప్పుకోలేదు మేడం. ఊ కొట్టానంతే."

ఆవిడ కాగితాన్ని నా చేతిలో పెట్టారు. "ఇగ నువ్వే ఫోన్ చెయ్. అర్థం కాలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెబితే ఉద్యోగం పోతుంది మేడం."

"చెప్పకుంటే నాది గూడ పోతది."

స్కాట్లండ్‌లో ఆఫీసు తెరిచే వేళదాకా ఆగి, మధ్యాహ్నం స్పీకరు పెట్టి ఫోను చేశాం. నిన్న మీరు చెప్పినదాంట్లో నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, క్షమించండి అని ఒక్క గుక్కలో అనేశాను. నా పెట్టె ఎప్పుడు సర్దుకోవాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆయన ఒక్కో మాటా విడదీసి, నాక్కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా అన్నాడు.

"నేనూ ఒక నిజం చెప్పాలి. మూడు నెలలుగా మీ మేడం మాట్లాడేది నాకూ అర్థం కావడం లేదు. మర్యాద కోసం ఓకే అంటున్నాను."

నేను మేడం వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఆ ఓకేలను నమ్మే ఆవిడ గడువు పెరిగిందని మా డైరెక్టరుకు చెప్పేశారు మరి. ముందు ఆయన నవ్వాడు, తర్వాత మేడం దవడ పట్టుకుని నవ్వారు, చివర్న భయంభయంగా నేను నవ్వాను. రెండు వైపుల ఓకేలూ రద్దయ్యాయి. పనులన్నీ కాగితం మీద కొత్తగా రాసుకున్నాం. గడువు మొదట అనుకున్న ఆరు వారాలే నిలిచింది. స్వెట్టరు ఖర్చు తప్పింది. గుండెల మీంచి రోలు దింపినట్టయింది నాకు.

శుక్రవారం సాయంత్రం పర్మినెంటు కాగితం చేతికిస్తూ మేడం అడిగారు, "ఇగ అర్థం కాకుంటే అడుగుతవా?" నోటిదాకా వచ్చినదాన్ని మింగి, అడుగుతాను మేడం అన్నాను.

ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు విడిచే వెళ్లేవాళ్లం. ఆ సాయంత్రమే ఆ గడపలో నిలబడి, సర్వరు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: దొర మాట్లాడినా దేవుడే మాట్లాడినా, అర్థం కానిదానికి ఈ జన్మలో ఓకే అనను. వెనక్కి తిరిగితే సుజాత మేడం కూడా చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఆవిడ ఒట్టు మాత్రం పైకి వినిపించలేదు.