బ్యాటరీ గది కిటికీ

ఖరగ్‌పూర్‌లో మా నాన్న, పక్క లైను క్వార్టరులో ఉండే మామయ్య ఒకే కంచంలో తిన్నవాళ్లు. మామయ్య అని పిలవడమే కాని చుట్టరికం లేదు. ఇద్దరూ వర్క్‌షాపులో రైలు పెట్టెల బ్యాటరీలు చూసే ఫిట్టర్లు. తొంభైల మొదట్లో ఒక బండి వాళ్లని విడదీసింది.

ఊళ్లోనే మలంచా బజారులో మోటారు సామాన్ల దుకాణం నడిపే బెంగాలీ దాదా ఒకాయన పేపరు చదివి వాళ్లకి చెప్పాడు, విదేశాల్లో పెద్ద కార్ల కంపెనీలు కరెంటు కారు కోసం నేను ముందంటే నేను ముందని కొట్టుకుంటున్నాయని. మీ ఇద్దరిలో ఎవరు తయారుచేసిన కరెంటు బండి ముందుగా నలుగురిని ఎక్కించుకుని మీ ట్రాఫిక్ కాలనీ నుంచి మలంచా వచ్చి తిరిగి వెళ్తుందో, రిటైరయ్యాక వాళ్లకి ఉండటానికీ పని చేసుకోవడానికీ తన షెడ్డు అప్పగిస్తానన్నాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇక్కడ సొంత కొంప లేదు, ఆంధ్రాలో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. ఆ షెడ్డు మాకెంత అవసరమో మామయ్యకీ అంతే అవసరం.

నాన్నది ఉత్త బ్యాటరీ బండి. మామయ్య తన దానికి పాత స్కూటరు ఇంజను కూడా తగిలించాడు, బ్యాటరీ దిగిపోతే పెట్రోలు లాగుతుందని. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని నాన్న వెక్కిరించాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఇక ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది, చర్చిలో కూడా చెరో మూల కూర్చునేవారు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. నాన్న గెలవాలని నాన్న కంటే నాకే ఎక్కువ పంతం.

వేలంలో కొన్న పాత బ్యాటరీలని నాన్న వెనక గదిలో ఛార్జింగ్ పెట్టేవాడు. ఛార్జి అవుతున్న బ్యాటరీ గ్యాసు వదులుతుంది, దానికి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకని కిటికీ ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచేవాడు. నాకూ చెప్పాడు. నేను ఊకొట్టి ఊరుకున్నాను.

ఒక సెలవునాడు పొద్దున్నే ఛార్జింగ్ పెట్టి చేపల బజారుకి వెళ్లాడు. మామయ్య వెనక సందులో మెడ సాచుకుని మా కిటికీ వైపే చూస్తూ రావడం నా కంట పడింది. వెళ్లి కిటికీ మూసి గడియ పెట్టాను. ఘనకార్యం చేశాననుకున్నాను. తరవాత బియ్యం ఏరుకుంటూ ఆ సంగతే మరిచిపోయాను.

నాన్న వచ్చి తిన్నగా గదిలోకి వెళ్లి, ఛార్జరు ఆపకుండానే క్లిప్పు లాగాడు. వర్క్‌షాపులో అందరూ అలాగే లాగేవారు. అది గోడల్లేని షెడ్డు, రవ్వ లేచినా గ్యాసు గాలికి పోతుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు చేతికి అంటుకుపోయింది.

పేలుడుకి వంటింట్లో గిన్నెలు దొర్లాయి. నాన్న మొహం నిండా యాసిడ్. గోడ దూకి వచ్చి, బిందెలకి బిందెలు నీళ్లు కళ్లల్లో పోసింది మామయ్యే. అయినా రెండు కళ్లూ పోయాయి.

మూడో రోజు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని మామయ్య నాన్నని అడిగాడు.

"ఒరే, నీకు తెలవని పనేటిది? కిటికీ ఎవులు మూసినారు?"

నేను అక్కడే ఉన్నాను.

"నేనే మూసినాను," అన్నాడు నాన్న. "నువ్వు సూసేత్తావని."

మామయ్య తల బాదుకుని ఏడ్చాడు. నాన్న మందుల మత్తులో పొరబడ్డాడనుకున్నాను. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

మామయ్య తన బండిని పాత ఇనుముకి వేసేశాడు. షెడ్డు ఇంకెవరి చేతికో పోయింది. రిటైరయ్యాక మా రెండు కుటుంబాలూ మలంచాలో ఒకే ఇంట్లో చెరో వాటా అద్దెకి తీసుకున్నాం. రోజూ సాయంత్రం ఆయన నాన్న చెయ్యి పట్టుకుని రోడ్డు చివరిదాకా నడిపించేవాడు. తన తొంగిచూపే స్నేహితుడి కళ్లు తీసిందని ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పుకునేవాడు. అది విన్నప్పుడల్లా నాకు చచ్చిపోవాలనిపించేది. అయినా చెప్పలేదు.

ఐదేళ్లకి మామయ్య పోయాడు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం నాన్నకి అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టాను.

"ఆడికి సెప్పినావా?" అన్నాడు.

ఏ సంగతని నేను అడగలేదు. లేదన్నాను.

"నేనూ సెప్పలేదు," అని నాన్న ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.