ఏ కోర్టు పద్మనాభయ్య గారు

మా ప్లీడరు పద్మనాభయ్య గారికి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పుకున్నా అది నిజమా అబద్ధమా అని అడగరు. "ఇది ఏ కోర్టుకు పోవాల?" అని అడుగుతారు. కావలి ఊరంతా ఆయన్ని ఏ కోర్టు పద్మనాభయ్య అనేది. ఆయన దగ్గర పదమూడేళ్లు గుమాస్తాగా చేసిన మునెయ్యను నేను. నా తల సగం ఆ ప్రశ్నకు నెరిసింది, మిగతా సగం దానికి ఆయనే చెప్పుకునే జవాబులకు నెరిసింది.

ఒకసారి ఒక రైతు వచ్చి, పక్కింటోళ్ల బర్రె తన చేలో పడి మేసిందన్నాడు. మంచి కేసు. నేను వకాల్తా కాగితం తీసినా. ఈయన బర్రె యాడ కట్టేసి ఉండింది, యాడ తాడు తెంచుకుంది, యాడ మేసింది అని గంటసేపు అడిగి, చివరికి "ఇది కోర్టుకు పోయేది కాదు. మీ ఇద్దరికీ మేనత్త ఉందే, ఆమె దగ్గరికి పోండి" అన్నారు. ఆ మనిషి దండం పెట్టి వెళ్లిపోయినాడు. నేను కాగితం మళ్లీ పెట్టెలో పెట్టుకున్నా.

ఇంట్లోనూ ఇదే గోల. పెరటివైపు తాటాకు వంటిల్లు. "కప్పు కారతా ఉందండీ" అని ఆయన భార్య వెంకటశేషమ్మ గారు మొత్తుకుంటే, "వంటిల్లు నీ పరిధి, కప్పు నా పరిధి. కారే నీళ్లు రెంటికీ నడుమ ఉండాయి. ఏ కోర్టో ఆలోచించి చెప్తా" అన్నారు. రెండేళ్లు ఆలోచించినారు. పాపం ఆ తల్లి రెండేళ్లూ కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుంది.

అరవైరెండు ఎండాకాలంలో నాగూర్‌బీ వచ్చింది. స్టేషన్ రోడ్డులో తాటాకు కొట్టులో గాజులమ్ముకునే మనిషి. భర్త మౌలా పోయి ఏడాది. చేతిలో మునసబు కోర్టు సమను. స్థలం ఓబులేసుది. "నేను అద్దెకిచ్చింది ఒట్టి నేలే, కొట్టు వాళ్లే వేసుకున్నారు, పీక్కుని పొమ్మనండి" అని దావా వేసినాడు.

"ఆ కొట్టు పోతే నేనూ నా బిడ్డా రోడ్డు మీదే అయ్యా" అంది నాగూర్‌బీ.

నేను వెంటనే జవాబు రాయబోతే ఈయన నా కలం పట్టుకుని ఆపినారు.

"మునెయ్యా, ఇది ఏ కోర్టుకు పోవాల?"

"సమను మునసబు కోర్టు నుంచే వచ్చింది. పైన రాసుంది చూడండి."

"వచ్చింది అక్కణ్ణించే. రావలసింది అక్కణ్ణించేనా?"

సంగతేందంటే, రెండేళ్ల ముందు కొత్త చట్టమొచ్చింది. అద్దెకిచ్చింది ఇల్లో కొట్టో అయితే రెంట్ కంట్రోలర్ దగ్గరికే పోవాల. సరైన కారణం చూపిస్తే గానీ ఆయన ఖాళీ చేయించడు. ఒట్టి నేలైతే మునసబు కోర్టు. అక్కడ నోటీసిచ్చి పొమ్మంటే పోవలసిందే. మరి ఆ కొట్టు వేసిందెవరు? మౌలా, ఓబులేసు నాయన నోటిమాటగా కుదుర్చుకున్నారు. ఇద్దరూ లేరు. కాగితం ముక్క లేదు.

ఇంక చూడండి ఈయన వరస. రోజూ సాయంత్రం పోయి గాజుల కొట్లో కూర్చుని పైకప్పు చూసేది. ఒకరోజు కాదు, ఇరవై రోజులు. బేరానికొచ్చిన ఆడవాళ్లు కూడా పైకి చూసి, ఏమీ కనపడక వెళ్లిపోయేవాళ్లు.

"మునెయ్యన్నా, అయ్యగారికి మెడ పట్టేసిందా?" అని అడిగింది నాగూర్‌బీ.

ఇరవై ఒకటో రోజు ఆయన నోరు తెరిచినారు. "ఈ ఆకు ఎవరు వేయించినారమ్మా?"

"ఓబులేసయ్య గారే. ఏటా కార్తీకం వానల ముందర ఆయన బండే తెస్తాది."

మా వైపు పద్ధతి అది. ఇల్లెవరిదో ఆకు వాళ్లది. బాడుగకున్నోళ్లు కప్పు జోలికి పోరు. ఈ ముక్క మొదటి రోజే అడిగి ఉండొచ్చు గదా. అదే అంటే, "ముందు ఏం అడగాల్నో తెలియాల గదా" అన్నారు.

"ఓబులేసు కోర్టులో కాదంటాడు."

"అనడు."

విచారణ రోజు ఓబులేసు బోనెక్కినాడు. మా ఆయన కోర్టు మాటే ఎత్తలేదు. "ఓబులేసు గారూ, ఆ కొట్టుకు రెండేళ్లుగా కొత్తాకు లేదంట గదా. మీరు పిసినారని, కప్పు కారినా పట్టించుకోరని బజార్లో అంటే ఒప్పుకుంటారా?"

ఓబులేసు మొహం ఎర్రబడింది. "ఎవడా అన్నది? మా నాయన కాలం నుంచి ఏటా కొత్తాకు వేయిస్తా ఉండాం. నా కొట్టు కారితే నాకు పరువు తక్కువ కాదా?"

అతని ప్లీడరు తల పట్టుకున్నాడు. మునసబు గారు కళ్లజోడు తీసి, "నా కొట్టు అన్నారు. రాసుకోండి" అన్నారు. తీర్పు వచ్చేసరికి పై ఏడు శ్రావణమైంది. ఇది ఈ కోర్టుది కాదని దావా తిప్పి పంపేసినారు. రెంట్ కంట్రోలర్‌కు చూపించడానికి ఓబులేసు దగ్గర కారణమేదీ లేదు. అతను అక్కడికి పోలేదు.

అయితే కక్ష మాత్రం పోలేదు. ఆ ఏడు ఆకు బండి రాలేదు. మొదటి వానకే నాగూర్‌బీ తడిసిన గాజుల పెట్టెతో మా వాకిట్లో నిలబడింది. "నేనే వేయించుకోనా అయ్యా?"

"నువ్వు ఒక్క ఆకు వేసినా కొట్టు నీదంటారు, కోర్టు మారిపోతాది. ఆలోచించి చెప్తా" అన్నారు ఈయన.

నాకు ఒళ్లు మండింది. భార్య పోరు పడలేక ఆ వారమే వంటింటికి తెప్పించిన ఆకు పెరట్లో కుప్పగా పడుంది, అదీ కప్పించలేదు. "ఆమెను తడవమంటారా? మీ కోర్టులూ మీరూ" అని మొదటిసారి కేకలేసినా. పోయొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయినా.

మూడో రోజు స్టేషన్ రోడ్డులో పోతా ఉంటే, ఓబులేసు మనుషులే నాగూర్‌బీ కొట్టుకు కొత్తాకు కప్పుతా ఉండారు. ఓబులేసు మొహం గంటు పెట్టుకుని కింద నిలబడి ఉండాడు.

"ఏంది ఓబులేసన్నా ఇది?"

"మీ ప్లీడరు పొద్దున్నే బండెడు ఆకు మా వాకిట్లో దింపినాడు. 'ఇది నీకిచ్చినా, ఇంక నీ ఆకు. నీ కొట్టు మీద వేస్తావో వెయ్యవో నీ ఇష్టం' అని పోయినాడు. ఆకు వాకిట్లో పెట్టుకుని ఆడమనిషిని వానలో ఎట్ట తడపమంటావబ్బా?"

నేను ప్లీడరు గారింటికి పోయేసరికి వాన పట్టుకుంది. పెరట్లో కుప్ప లేదు. వెంకటశేషమ్మ గారు గొడుగును స్తంభానికి కట్టి, దాని కింద పొయ్యి మీద పప్పు ఉడికిస్తా ఉండారు. అయ్యగారు వసారాలో ఫైలు చూస్తా ఉండారు. నన్ను చూసి ఫైలును ఇంకొంచెం దగ్గరగా చూసినారు.

"అమ్మగారూ, మీరు ఒక్క మాటన్నా అనలేదా?"

"ఆకు తోలక ముందే నన్నడిగినారు మునెయ్యా. కాపరానికొచ్చి ఇరవై రెండేళ్లు, ఏ కోర్టో ఆలోచించి చెప్తా అనకుండా ఇదే మొదలు. 'నీ కోర్టుకే వచ్చినా, నువ్వేమంటే అది' అన్నారు." ఆమె గరిటె పక్కన పెట్టి, కారే చోటికి ఇంకో గిన్నె జరిపినారు. "నేనేమనేది? ఇచ్చేయమన్నా. ఆ మూల కారదు, కూర్చో. అన్నం తిని పోదువు."