మూడో పిలుపుకూ నేను లేవలేదు

ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నాలుగు ముక్కల మాట. జగిత్యాల జిల్లా అయిన కొత్తలో నా నోటి నుంచి జారింది. కాదు, జారలేదు. నేనే అన్నాను. చూశారా, మొదలుపెట్టీ పెట్టకముందే తప్పించుకోబోయాను. వకీలు బుద్ధి.

ఇన్నేళ్లలో ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. స్నేహితులతో కూర్చుని తాగినప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది. ఇందులో పేర్లు మార్చాను. మిగిలినదంతా జరిగినట్టే చెబుతాను, నా చేతనైనంత వరకు.

మొన్న ఒక అమ్మాయి నా ఆఫీసుకు వచ్చింది. లా చదువు అయిపోయిందట, జూనియర్‌గా చేర్చుకోమని అడగడానికి వచ్చింది. కొత్త నల్లకోటు, చంకలో బ్యాగు, ముఖం నిండా భయం. చేర్చుకుంటే ముందుగా ఏం నేర్చుకోవాలి సార్ అని అడిగింది. ఆ ప్రశ్నకు ప్రతి వకీలు దగ్గరా ఒక జవాబు ఉంటుంది. నా దగ్గరా ఉంది. తోటి జూనియర్ కేసు పిలిచినప్పుడు అతను లేకపోతే నువ్వు లేచి నిలబడు, అంతకంటే ముందు నేర్చుకోవాల్సిందేమీ లేదు. చెప్పబోయాను. మాట మార్చి, రేపు రమ్మని పంపించేశాను.

లా పట్టా చేతికొచ్చాకే అసలు పరీక్ష మొదలవుతుంది. ఎవరైనా సీనియర్ వకీలు తన ఆఫీసులో చోటివ్వాలి. దానికి ప్రకటనలు ఉండవు. తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు నిలబడటమే. కోరుట్లలో ఒకాయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పేపరంతా తీరిగ్గా చదివి, తన మేనల్లుడు వస్తున్నాడని చెప్పాడు. సిరిసిల్లలో ఇంకొకాయన మా వాళ్లెవరు, నాకు తెలిసినవాళ్లెవరు అని ఆరా తీసి, ఎవరూ లేరని తేలాక మంచి చాయ్ తాగించి పంపించాడు. నేను చదివిన చదువు గురించి ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మా రుద్రంగిలో మాత్రం నేను అప్పటికే వకీల్ సాబ్‌ని. మా నాన్న గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు ఎండలో పనిచేసి, నడుము పోగొట్టుకుని తిరిగొచ్చాడు. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు నన్ను చూపించి "మావోడు వకీలు" అనేవాడు. ఆయన ముందు నుంచే నల్లకోటు చేతిమీద వేసుకుని, ఖాళీ బ్యాగుతో జగిత్యాల బస్సు ఎక్కేవాణ్ని. ఎక్కడికి పోతున్నానో నాకే తెలిసేది కాదు.

చివరికి జగిత్యాలలో ఒక పెద్ద సివిల్ వకీలు రమ్మన్నారు. ఆయన్ని ఇక్కడ సార్ అనే అంటాను. నన్నొక్కణ్నే కాదు, అదే వారంలో ఇంకొకరినీ రమ్మన్నారు. ఆమె స్వరూప. కథలాపూర్ దగ్గర పల్లె. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఇద్దరూ కొన్నాళ్లు పని చేయండి, ఒక్కరినే ఉంచుకుంటాను అని సార్ మొదటిరోజే ముఖం మీద చెప్పారు. ఆఫీసు బయట ఆయన పేరున్న బోర్డు కింద జూనియర్ పేరు రాయిస్తారు. అక్కడ ఒక్క పేరుకే జాగా ఉంది.

మా ఇద్దరిదీ ఒకటే ఈడు. అయినా ఆమె నన్ను అన్నా అనేది. ఆడపిల్ల ఒక మగవాడితో పొద్దంతా కోర్టుల వెంట తిరిగితే నలుగురూ నాలుగు మాటలంటారని, మొదటిరోజే ఆ వరస కలిపేసింది. నేనూ చెల్లె అనేవాణ్ని. ఇద్దరం ఫైళ్లు మోసేవాళ్లం, వాయిదా తేదీలు రాసుకునేవాళ్లం, సార్ కోటు పట్టుకునేవాళ్లం. జీతం అనే మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆమె తెచ్చిన టిఫిన్‌లో సగం నాకు పెట్టేది. నేను తిన్నాను. ఇది చెప్పడం అవసరమా? అవసరమే అనుకుంటాను.

ఆమె నాకంటే బాగా పని చేసేది. ఇది అప్పుడే తెలుసు. సార్ చెప్పిన దావా ఆమె రాస్తే దిద్దుబాట్లు తక్కువ ఉండేవి. క్లయింట్లు ఆమెతో మాట్లాడాక కాస్త తేలికపడి పోయేవారు. ఒకరోజు సార్ గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, బోర్డు రాసేవాడికి కబురు పంపుతున్నామని, పేరు స్వరూపదేనని చెప్పాడు. పాపం, నేను ముందే ఇంకోచోటు చూసుకుంటానని మంచికే చెప్పాడు. ఆ సాయంత్రం రుద్రంగిలో బస్సు దిగి, హోటల్లో ఉన్న మా నాన్నకు కనబడకుండా వెనక సందులోంచి ఇంటికి పోయాను.

ఇక రాజవ్వ గురించి చెప్పాలి. ఆమె బీడీలు చుట్టి బతికే మనిషి. భర్త గల్ఫ్‌లో పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. అతను అక్కడున్న రోజుల్లోనే ఇక్కడ ఇంటి భూమంతా అతని తమ్ముడి పేరు మీదికి ఎక్కింది. నా భర్త వాటా నాకు ఇప్పించండని ఆమె దావా వేసింది. తీర్పు వచ్చేదాకా మరిది ఆ భూమి అమ్మకూడదని కోర్టు ఆపింది. అయితే ఆ ఉత్తర్వు వాయిదా నుంచి వాయిదా వరకే. ప్రతిసారీ మన తరఫున ఎవరో ఒకరు లేచి పొడిగించమని అడగాలి. జిల్లా అయ్యాక పట్నం ఆ పొలం వైపే పెరుగుతోంది. మరిది కాచుకుని ఉన్నాడు. కోర్టుకొచ్చిన ప్రతిసారీ రాజవ్వకు ఆ రోజు పని పోయేది. అందుకని ఆ కేసు చూసుకునే స్వరూపే ఆమెతో, "నువ్వు రాకున్నా నడుస్తది అవ్వా, మేమున్నం గద" అంది. ఆ మేములో నేనూ ఉన్నాను.

గుమాస్తా నాకు ఆ మాట చెప్పిన కొద్దిరోజులకే రాజవ్వ కేసు వాయిదా వచ్చింది. ఆ రోజు మా కోర్టు జడ్జి సెలవులో ఉన్నారు. ఆయన మెత్తని మనిషి. ఎవరూ పలకకపోతే ఫైలు పక్కన పెట్టించి మధ్యాహ్నం మళ్లీ పిలిపించేవారు. ఆయన బదులు వేరే కోర్టు నుంచి ఇన్‌చార్జి జడ్జి వచ్చారు. ఆయనకు తన కోర్టు పని కూడా ఉంది, చకచకా కానిస్తున్నారు. మేమిద్దరం వెనక బెంచీలో కూర్చున్నాం. ఇంతలో పై అంతస్తు కోర్టులో సార్ వాదించాల్సిన కేసు ముందే పిలిచారని కబురొచ్చింది. ఆ ఫైలు స్వరూప దగ్గరుంది. లేచి నా చెవి దగ్గరికి వంగింది.

"అన్నా, రాజవ్వది పిలుస్తరు. జర లేచి పాస్ ఓవర్ అడుగు. నేను సార్‌కు ఫైలు ఇచ్చి గిప్పుడే అస్త."

పాస్ ఓవర్ అంటే, మా సీనియర్ వస్తున్నారు, కాసేపాగి పిలవండి అని అడగడం. జూనియర్లు రోజూ ఒకరికోసం ఒకరు చేసే పని. దానికి తెలివి అక్కర్లేదు, లేచి నిలబడితే చాలు.

"పో చెల్లె, నేను చూస్కుంట," అన్నాను.

"పక్కా గద?"

"పో అంటున్న గద."

ఆమె మెట్లవైపు పరుగెత్తింది. నేను నిజంగానే చూసుకుందామనుకున్నాను. ఆ క్షణంలో నాకు చెడు ఆలోచన లేదు. ఇది నమ్మమని మిమ్మల్ని బతిమాలను. నేనే పూర్తిగా నమ్మలేకపోతున్నాను.

అటెండర్ గుమ్మం దగ్గర నిలబడి రాజవ్వ పేరు పిలిచాడు. లేవాలి. కాళ్లు కదిపాను కూడా. అప్పుడొచ్చింది ఆలోచన. లేవకపోతే ఏమవుతుంది? స్వరూపకు సార్ చేతిలో తిట్లు పడతాయి, అంతే కదా. బోర్డు రాసేవాడు ఇంకా రాలేదు కదా. రెండోసారి పిలిచాడు. నేను ఒళ్లో ఉన్న ఏదో ఫైలు తెరిచాను. అందులో ఏముందో గుర్తులేదు, కళ్లు మాత్రం దానిమీదే పెట్టాను. మూడోసారి పిలిచాడు. జడ్జి తలెత్తి హాలంతా చూశారు. ఆయన చూపు నా మీదుగా పోయింది. నా వంట్లో ఒక్క వేలు కదల్లేదు. డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్ అన్నారు. ఎవరూ రానందుకు కేసు కొట్టివేశారని అర్థం. తర్వాతి కేసు పిలిచారు.

ఆ మూడు పిలుపుల మధ్య ఎంతసేపు పట్టి ఉంటుంది? గుటక మింగినంత. ఆ కాస్తలోనే నేను ఎలాంటివాణ్నో తేలిపోయింది. అప్పటిదాకా నేను మంచివాణ్నని అనుకునేవాణ్ని. నన్ను ఎవరూ పరీక్షించలేదు కాబట్టి అనుకున్నానేమో.

ఇంకో సంగతి దాచను. అప్పటికీ దారి ఉంది. జడ్జి కుర్చీ దిగకముందే వెళ్లి, పొరపాటైంది, ఒక్కసారి మళ్లీ పిలవండి అని చేతులు కట్టుకుని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అది నాకు తెలుసు. నేను బయటికి పోయి చాయ్ తాగాను.

మధ్యాహ్నం సార్ మా ఇద్దరినీ ఆఫీసులో నిలబెట్టారు. ఆయన గొంతు పెంచలేదు.

"ఇద్దరుండి ఒక్కలు కూడ లేవలేదా?"

"అన్నకు చెప్పి పైకి వచ్చిన సార్," అంది స్వరూప.

సార్ నా వైపు తిరిగారు. "చెప్పిందా?"

"లేదు సార్. నాకు చెప్పలే."

స్వరూప నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు ఇన్నేళ్లు కొంచెం సులువుగా ఉండేది. నేను సరిగ్గా వినలేదేమో, ఇప్పుడు గుర్తొస్తుందేమో అన్నట్టు చూసింది. నాకు ఇంకా ఒక అవకాశం ఇస్తోంది. నేను గోడమీద కేలండరు చూశాను. ఆమె ఇంకోసారి "చెప్పిన" అనలేదు. "ఇంత పెద్ద పని ఒకలకు ఒప్పజెప్పి పోయేటప్పుడు నిలబడి చెప్పాలె బిడ్డా, ఉరుక్కుంట చెప్తే చెప్పినట్టా?" అన్నారు సార్. ఆమె మాటను ఆయన సగం నమ్మారని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఎవరిదో ఒకరిది తప్పు కావాలి. ఆమె మరుసటిరోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బోర్డు రాసేవాడు వచ్చి నా పేరు రాసిపోయాడు. మా నాన్న రుద్రంగి నుంచి బస్సులో వచ్చి దాని కింద నిలబడి ఫోటో దిగాడు.

కేసును తిరిగి తెరవమని దరఖాస్తు వేశాం. అది రాసే పని సార్ నాకే అప్పగించారు. జూనియర్ వకీలు అజాగ్రత్త వల్ల హాజరు కాలేకపోయాం అని నా చేత్తోనే రాశాను. ఆ జూనియర్ ఎవరో తమకు తెలుసని ఆఫీసులో అందరూ అనుకున్నారు. దరఖాస్తు మంజూరైంది. కానీ కేసుతోపాటు అమ్మకం ఆపిన ఉత్తర్వూ పోవడంతో, ఆలోపే రాజవ్వ మరిది భూమి అమ్మేశాడు, కొన్నవాళ్లు హద్దురాళ్లు పాతేశారు. వాళ్ల వెనక పెద్ద వకీళ్లున్నారు. రాజవ్వ కొన్నేళ్లు తిరిగి తిరిగి, చివరికి వాళ్లు ఇచ్చింది తీసుకుని రాజీకి వేలిముద్ర వేసింది. ఆ రోజు ఆమె పక్కన నిలబడింది నేనే. పోయేముందు నా చేతులు పట్టుకుని, "నువ్వన్న ఆఖరిదాక ఉన్నవు కొడుకా, ఆ పిల్ల నడుమల ఇడిసిపెట్టి పోయింది," అంది. నేను ఆ చేతులు విడిపించుకోలేదు. తల ఊపాను.

ఇప్పుడు ఆ పొలంలో ఇళ్లు లేచాయి. కోర్టుకు నేను ఆ దారిన పోను. చుట్టు తిరిగి పోతాను. దానివల్ల ఎవరికేం ఒరిగింది?

ఒకసారి కోరుట్లలో బట్టల దుకాణానికి నా భార్యతో వెళ్లాను. చీరలు పరిచి చూపిస్తున్నది స్వరూప. నన్ను గుర్తుపట్టింది. "బాగున్నవా అన్నా?" అంది. ఆ వరస ఇంకా వదల్లేదు. చెప్పేద్దాం అనుకున్నాను. ఆ నీలం రంగుది చూపించు అన్నాను. చూపించింది. బయటికొచ్చాక నా భార్య ఎవరామె అని అడిగితే, ఎప్పుడో తెలిసినావిడ అన్నాను. ఆ చీర మా ఇంట్లో బీరువాలో ఉంది.

సార్ పోయారు. ఆ ఆఫీసు ఇప్పుడు నాది. కోర్టులో నన్ను చూసి తోటి వకీళ్లు నవ్వుతుంటారు. ఎవరి కేసు పిలిచినా, వాళ్లు లేకపోతే నేను లేచి పాస్ ఓవర్ అడుగుతాను. నాకు తెలియని వకీళ్ల కేసులకు కూడా. మంచి మనిషి అంటారు. నేను ఎన్నిసార్లు లేచినా ఆ రోజు కూర్చునే ఉన్నాను.

ఇప్పుడైనా పోయి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఎవరికి? నమ్మాల్సిన సార్ లేరు. రాజవ్వకు భూమి రాదు. స్వరూప కోల్పోయిన ఏళ్లు రావు. ఇవన్నీ నిజాలే, ఇవన్నీ సాకులే. అసలు సంగతి, నాకు ధైర్యం లేదు. రేపు ఆ అమ్మాయి మళ్లీ వస్తుంది. చేర్చుకుంటాను. లేచి నిలబడటం నేర్పిస్తాను. నా దగ్గర నేర్చుకుందని అందరూ మెచ్చుకుంటారు.

ఇక్కడ కూడా నా పేరు రాయలేదని మీరు గమనించే ఉంటారు. దీన్ని క్షమించమని అడగడం లేదు, అడిగే హక్కు కూడా లేదు. ఆ మధ్యాహ్నం సార్ అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం మార్చుకోవాలి. ఇన్నేళ్లకు, వినాల్సినవాళ్లు ఎవరూ లేనిచోట, మీ ముందు మార్చుకుంటున్నాను.

చెప్పింది సార్. నాకు చెప్పే పోయింది.