యెహెజ్కేలు కారు వెళ్ళని ఊరు

రామచంద్రపురం బస్టాండు దగ్గర అద్దెకు కార్లు తిప్పేవాళ్ళలో యెహెజ్కేలుకు మంచి పేరు. ఎక్కడికి రమ్మన్నా కాదనడు. ఆదివారం లూథరన్ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే, సోమవారం పెద్దాపురం మరిడమ్మ జాతరకు జనాన్ని దింపి, గుడి పక్క నీడలో కారాపుకుని హాయిగా కునుకు తీసేవాడు. ఒక్క చినదిబ్బ పేరెత్తితే మాత్రం కారుకు ఏదో ఒక రోగం వచ్చేది. క్లచ్ పోయిందండి అనేవాడు, బ్రేకులు సరిగ్గా లేవండి అనేవాడు. ఆ తెల్ల అంబాసిడర్ పాపం, నోరు లేదు కాబట్టి సరిపోయింది!

చినదిబ్బ గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుక మీద లేచిన చిన్న పల్లె. రొయ్యపిల్లలకు గిరాకీ ఉన్న రోజుల్లో యెహెజ్కేలు తమ్ముడు శాంతికుమార్, పెళ్ళాం పాపాయమ్మతో సహా అక్కడికి కాపురం మార్చాడు. తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చిననాడు అతను ఏటిమొగలో వల పట్టుకుని ఉన్నాడు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. పాపాయమ్మ ఊరు వదలకుండా ఎండుచేపలు అమ్ముకుంటూ ఉండిపోయింది.

ఆవిడ బావగారిని అడిగింది ఒక్కటే. మనిషి దొరక్కపోయినా చినదిబ్బ చర్చి దొడ్లో ఒక గొయ్యి తీసి శిలువ నిలబెడదామని. సమాధిలో తొలి గుప్పెడు మట్టి ఇంటిపెద్ద వేయాలి, అది వాళ్ళ ఇంటి ఆనవాయితీ. ఇప్పుడు ఇంటిపెద్ద యెహెజ్కేలే. ‘వచ్చే ఆదివారం వత్తానని చెప్పండి’ అని కబురు పంపేవాడు. ఆ ఆదివారం ఏళ్ళు గడిచినా రాలేదు. సమాధుల పండగనాడు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, పాపాయమ్మ తన కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడుతుందని అతనికి తెలుసు. తెలిసీ వెళ్ళలేదు. మట్టి వేసేస్తే తమ్ముణ్ణి తన చేత్తోనే చంపినట్టవుతుందని అతని మొండి భయం. మంచివాడే, కానీ ఈ ఒక్క విషయంలో ఆ ఆడమనిషిని ఏడిపించుకు తిన్నాడు.

సరే, రెండు వేల ఏడు జూన్‌లో సుధాకర్ అని తుని కుర్రాడొకడు కారు మాట్లాడుకున్నాడు. గోవాలో హోటల్ ఉద్యోగం చేస్తూ, అక్కడికొచ్చే దొరల దగ్గర ఒక వింత ఆట నేర్చుకున్నాడు. మంచం దుప్పటికి నాలుగింతలుండే గాలిపటం, దాని తాళ్ళు నడుముకి, కాళ్ళ కింద పలక. గాలి లాక్కుపోతుంటే నీళ్ళ మీద జారిపోవడమే. ఆ ఆట మన ఒడ్డున నేర్పాలని అతని కోరిక. అందుకు గాలి తిన్నగా వీచే చోటు కావాలి. తన గాలిపటం డిక్కీలో పడేసుకుని మరీ వచ్చాడు.

“గాలికి కారేసుకుని తిరగడం ఏంటండీ బాబూ!” అని నవ్వాడు యెహెజ్కేలు.

ఉప్పాడ వెళ్ళారు, అలలు రాళ్ళకు కొడుతున్నాయి. అంతర్వేదిలో జనం ఎక్కువ. ఇంకోచోట ఒక పెద్దాయన, గాలి కావాలన్నారు గదాని వాళ్ళను కొబ్బరితోటలోకి తీసుకెళ్ళి, మంచం వాల్చి, బొండాలు కొట్టించాడు. “మా ఊళ్ళో ఇంతకంటే మంచి గాలి రాదండి, పడుకోండి” అన్నాడు. ఆ మర్యాదకు సుధాకర్ కాదనలేక కాసేపు పడుకున్నాడు కూడా.

చివరికి ఓడలరేవులో వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన చెప్పేశాడు. “ఇక్కడేం తిరుగుతారండీ? చినదిబ్బకెళ్ళండి. మద్దేన్నం పైరగాలి లేచిందంటే మనిషి నిలబళ్ళేడు.”

యెహెజ్కేలు కారు వైపు చూశాడు. “క్లచ్ కొంచెం...” అని మొదలుపెట్టాడు.

“రేపు గోవా బండెక్కాలండి,” అన్నాడు సుధాకర్. “ఈ ఒక్కచోటు చూపించండి. అది కూడా కాకపోతే ఇంక ఈ ఊసే ఎత్తను.”

దారి పొడవునా తన పక్కన కూర్చుని, ఇడ్లీ పొట్లం కూడా పంచుకుతిన్న కుర్రాడు. ముఖం అంత చిన్నబుచ్చుకుని అడిగేసరికి యెహెజ్కేలు అబద్ధం పూర్తి చెయ్యలేకపోయాడు.

చినదిబ్బ ఒడ్డున పాపాయమ్మ ఇసుక మీద చేపలు తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. కారు దిగిన మనిషిని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎన్నేళ్ళకు వచ్చారని అడగలేదు. “రండి బావగారూ. మంచినీళ్ళు తాగుతారా?” అంది. తిట్టినా బాగుండేదనిపించింది యెహెజ్కేలుకు.

గాలి మాత్రం సుధాకర్ కలలో కోరుకున్నట్టే ఉంది. ఎర్ర గాలిపటం పైకి లేచింది, కుర్రాడు నీళ్ళ మీద పరుగు తీశాడు. ఊరు ఊరంతా ఒడ్డున చేరి ఈలలు వేసింది. పాపాయమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతలో పడమట మబ్బు కమ్మింది, గాలి తిరిగింది. ఒడ్డునున్న కొబ్బరిమట్టలన్నీ సముద్రం వైపు వాలిపోయాయి. గాలిపటం నీళ్ళలో కూలింది, మళ్ళీ లేచింది, సుధాకర్ను లోపలికి ఈడ్చుకుపోయింది. చూస్తుండగానే అతని తల కనిపించకుండా పోయింది.

యెహెజ్కేలుకు ఒళ్ళు తెలియలేదు. ఈత రాని మనిషి, అరుచుకుంటూ గుండెలోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. పాపాయమ్మ వెనకనుంచి అతని చొక్కా గుంజి పట్టుకుంది.

“మనింట్లో ఒకరు పోయింది చాలండి. బయటికి రండి!”

మరదలు తనమీద కేకలేయడం అదే మొదలు. అతను బయటికి వచ్చాడు.

అప్పటికే ఊళ్ళోవాళ్ళు ఇంజను పడవేసుకుని వెళ్ళారు. మనిషికి తాడు చుట్టుకుంటే ముందు తాడు తెగ్గొట్టాలి, వలల దగ్గర పుట్టిపెరిగినవాళ్ళకు తెలిసిన పద్ధతి అది. వెళ్ళీ వెళ్ళగానే కత్తి తీసి గాలిపటం తాళ్ళు టపటపా కోసేసి, సుధాకర్ను పడవలోకి లాగి తెచ్చారు.

“అయ్యో, నేను మునగలేదండీ!” అన్నాడు సుధాకర్ ఒడ్డుకొచ్చి, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. “మీట లాగితే గాలిపటం అదే చల్లబడిపోతుంది, లాగేలోపే కోసేశారు. ఒళ్ళు తేల్చే జాకెట్టు కూడా ఉంది.”

“ఆయ్, మునిగాక తేవడానికేముందండీ?” అన్నాడు పడవ నడిపినాయన.

అందరూ నవ్వారు. గాలిపటం మాత్రం ఎర్రగా, అలల మీద ఎగిరి పడుతూ దూరమైపోయింది. కాసేపు చుక్కలా కనిపించింది. ఆ తర్వాత అదీ లేదు. సుధాకర్ చాలాసేపు అటే చూశాడు. ఎన్ని జీతాలు కూడబెట్టి కొన్నాడో మరి! చివరికి నడుము పట్టీ విప్పుకుని, “పోయిందండి. ఇంక రాదు” అన్నాడు. అనేసి, తల తుడుచుకోవడానికి తువ్వాలు అడిగాడు.

యెహెజ్కేలు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. పోయింది, ఇంక రాదు. ఇంత చిన్న మాట అనలేకనే కదా తను దారులు తప్పించుకు తిరిగింది! అన్నంతమాత్రాన ఈ కుర్రాడు గాలిపటాన్ని తన చేత్తో తోసేసినట్టు కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. తువ్వాలు అడుగుతూనే ఉన్నాడు.

పాపాయమ్మ మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అతను వెళ్ళి ఎదురుగా ఇసుకలో కూలబడ్డాడు.

“తమ్ముడు పోయాడమ్మా” అన్నాడు.

ఆవిడ తలెత్తింది. “అవునండి” అంది.

“ఉత్త గోతిలో మట్టెలా వేస్తాం? ఏం పెడదాం అందులో?”

“ఆయన చొక్కా ఒకటుందండి. ముక్కిపోద్దేమోనని ఏటా ఉతికి ఆరేసి, మళ్ళీ మడతెట్టి దాత్తన్నాను. మీరెప్పుడొత్తారో తెలీదు గదండీ.”

యెహెజ్కేలు రెండు చేతులతో ముఖం కప్పుకుని, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. పాపాయమ్మ ఏడవలేదు. చేప తిరగేస్తూ అతను తేరుకునేదాకా ఆగింది.

“చొక్కా తీసుకురామ్మా,” అన్నాడు చివరికి. “పార ఎవరింట్లో ఉందో చెప్పు, నేను తెస్తాను.”