ట్రైలర్‌లో మా నాన్న శవం

మా నూజివీడు మామిడితోటల్లో తీసిన సినిమా ట్రైలర్ ఈ సాయంత్రం వచ్చింది. అమ్మా నేనూ టీ తాగుతూ ఫోన్‌లో చూశాం. హీరో జీపు దిగి తోటలోకి పరుగెత్తాడు. అక్కడ చెట్ల మధ్య ఒక శవపేటిక, అందులో మా నాన్న!

ముక్కులో దూది, ఒంటి మీద క్రిస్మస్‌కి తప్ప బీరువాలోంచి తీయని పెళ్లి కోటు. చెంప మీద మామిడి సొన కాల్చిన మచ్చని మేకప్ కూడా దాచలేకపోయింది. అమ్మ చేతిలో గ్లాసు జారి పడింది.

ఆ చప్పుడుకి నాన్న పెరట్లోంచి వచ్చి ఫోన్‌లోకి తొంగిచూశాడు. "ఓ, వచ్చేసిందా? పురుగుమందు కోసం బాపులపాడు వెళ్లానని చెప్పానే, ఆ రోజు ఈ షూటింగ్‌కే వెళ్లాను. ఊరికే పడుకోమన్నారంతే."

నేను ఒలికిన టీ తుడవడానికి గుడ్డ తెచ్చాను. అమ్మ మాత్రం ట్రైలర్ వెనక్కి జరిపి, ఒక చోట ఆపింది.

"పెట్టె మీద పడి ఏడుస్తున్న ఆవిడ ఎవరండీ?"

"నాకేం తెలుసే? కళ్లు మూసుకునే ఉన్నాగా!"

పెట్టెలోంచి క్షేమంగా లేచొచ్చిన మనిషి, సినిమా రిలీజయ్యే దాకా మా ఇంట్లో బతికుంటాడంటారా?